ఆ కాగితములో ఏమి వ్రాసి ఉన్నది?



కొన్ని వారముల క్రిందట ఒక ఆదివారము ఆరాధన ముగిసి అందరూ ఇండ్లకు వెళ్లిపోయారు గాని, ఒక తల్లి, ఆమె కుమారుడు మాత్రము మందిరము బయట వేపచెట్టు క్రింద నిలిచిపోయారు. తల్లి రొయ్యల షెడ్డులో కూలి చేస్తుంది. అబ్బాయికి ఇరవై రెండు సంవత్సరములు. ఐ.టి.ఐ.లో ఫిట్టరు చదివి, రెండేళ్లుగా ఇక్కడా అక్కడా రోజు కూలికి తిరుగుతున్నాడు. ఆమె బైబిలు సంచిలోనుండి నాలుగు మడతలు పెట్టిన కాగితము తీసి, "అయ్యగారూ, బాబుకు దుబాయి వీసా వచ్చింది. బుధవారము ప్రయాణము. ప్రార్థన చేసి పంపించండి" అన్నది. ఆమె ముఖములో ఎంత సంతోషము ఉన్నదో చెప్పలేను. చాలా కాలము తరువాత ఆ ముఖములో నవ్వు చూశాను.

ఏజెంటు అడిగినది 1,20,000 రూపాయలు. 40,000 ఇచ్చేశారు. మిగిలిన 80,000 మంగళవారము సాయంకాలములోగా కట్టాలి. ఇంటి స్థలము పట్టా తాకట్టు పెట్టడానికి మాటలు అయిపోయాయి. వడ్డీ నూటికి అయిదు రూపాయలు.

నేను ప్రార్థనకు ముందు ఆ కాగితము ఇమ్మని అడిగాను. కళ్లద్దాలు పెట్టుకొని పైనుండి క్రిందికి చదివాను. అబ్బాయి పేరు సరిగానే ఉన్నది. పాస్‌పోర్టు నంబరు సరిగానే ఉన్నది. అయితే వీసా రకము అనే చోట టూరిస్టు అని వ్రాసి ఉన్నది. ఉండగలిగిన కాలము 60 రోజులు. కంపెనీ పేరు ఎక్కడా లేదు. జీతము సంగతి లేదు. పని ఏమిటో లేదు. అంటే ఆ దేశము ఈ అబ్బాయిని పనివానిగా పిలువలేదు, రెండు నెలలు ఊరు చూసి వెళ్లిపొమ్మని పిలిచింది.

"బాబూ, ఇది పని వీసా కాదు గదా?" అన్నాను. "అక్కడికి వెళ్లిన తరువాత మారుస్తారట అయ్యగారూ. అందరూ ఇలాగే వెళ్తున్నారు" అన్నాడు.

నేను ఆ రోజు అంత పట్టుబట్టి కాగితము ఎందుకు చదివానో చెప్పాలి. అది నాకు గొప్పతనము తెచ్చే సంగతి కాదు. అయినా చెప్పకపోతే ఈ మాటలకు విలువ ఉండదు.

2012లో నేను ఈ సంఘమునకు కొత్తగా వచ్చాను. ఆ సంవత్సరము ఒక సహోదరి మస్కట్ వెళ్లింది. ఆమెకు అప్పుడు ఇరవై ఆరేళ్లు, ఇద్దరు చిన్న బిడ్డలు. భర్త తాగుడు సంగతి ఊరందరికీ తెలుసు. వీడ్కోలు కూడిక పెట్టుకున్నాము. నేను వాక్యము చెప్పాను, ప్రార్థన చేశాను, భోజనము చేశాను. ఆ కుటుంబము వేసిన కృతజ్ఞతార్పణ తీసుకున్నాను. వీసా కాగితము బల్ల మీద, నా బైబిలు ప్రక్కనే ఉన్నది. దాని మీద చేయి పెట్టి ప్రార్థించాను గాని, దానిని విప్పి చదవలేదు.

ఎనిమిది నెలలు కబురు లేదు. తిరిగి వచ్చినప్పుడు పాస్‌పోర్టు లేకుండా, ఎంబసీ వారు ఇచ్చిన అవుట్‌పాసు మీద వచ్చింది. ఆమె వెళ్లినది విజిట్ వీసా మీద. విమానము దిగిన వెంటనే ఒక మనిషి పాస్‌పోర్టు తీసుకున్నాడట. మొదటి ఇంటిలో తెల్లవారు నాలుగు గంటలనుండి రాత్రి పన్నెండు దాకా పని. తట్టుకోలేక అడిగితే "ఆఫీసు"కు తిరిగి పంపారు. ఆఫీసు అంటే ఒక గది. అందులో ఇలాగే తిరిగి వచ్చిన స్త్రీలు పదిమంది. మరల ఇంకొక ఇంటికి. మూడు నెలల జీతము ఎవరు ఇవ్వాలో, ఎవరిని అడగాలో తెలియలేదు. ఫిర్యాదు చేద్దామంటే ఆమె ఆ దేశములో పనిచేస్తున్నట్టు ఏ కాగితములోను లేదు. నెల గడిచాక ఆమె ఉండడమే నేరము.

తిరిగి వచ్చిన మూడవ ఆదివారము ఆమె వెనుక వరుసలో కూర్చున్నది. ఆరాధన తరువాత నా దగ్గరకు వచ్చి, కోపముతో కాదు, మామూలుగానే అడిగింది: "అయ్యగారూ, ఆ కాగితము మీరు చదివారు గదా?"

నేను చదవలేదని చెప్పాను. ఆమె ఏమీ అనలేదు.

అప్పటినుండి మా సంఘములో ఎవరైనా పై దేశము వెళ్లేటప్పుడు, కాగితము చదవకుండా వీడ్కోలు ప్రార్థన చేయడము మానుకున్నాను. ఇందుకు కొందరు నన్ను అవిశ్వాసి అన్నారు, ఇంకొందరు అయ్యగారికి ఏజెంటు మీద పడదు అన్నారు. అననివ్వండి.

పై దేశము వెళ్లవద్దని నేను వ్రాయడము లేదు. అలా వ్రాసే హక్కు నాకు లేదు. కోనసీమలో, నర్సాపురము ప్రాంతములో, రాయచోటి, రాజంపేటల వైపు, ఆ పైన కరీంనగర్, నిజామాబాద్ పల్లెలలో ఎన్ని పెంకుటిండ్లు డాబాలయ్యాయో మీకు తెలుసు. ఎందరు తల్లులు కువైట్‌లో ఇంటిపని చేసి ఇక్కడ కుమార్తెలను నర్సులుగా, టీచర్లుగా చేశారో తెలుసు. మా మందిరము స్లాబులో కూడా ఆ దినార్లు ఉన్నాయి. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది మన దేశస్థులను విమానములలో తీసుకొని వచ్చారు. వారిలో మన జిల్లాల వారు ఎందరో ఉన్నారు. కట్టుబట్టలతో వచ్చినవారు, యుద్ధము ముగిసిన తరువాత మరల అక్కడికే వెళ్లారు. ఆకలి, అప్పు, ఆడపిల్ల పెండ్లి, ఇవి ఇక్కడ ఉన్నంత కాలము జనము వెళ్తారు. నయోమి కుటుంబము కూడా కరవు వచ్చినప్పుడే గదా మోయాబు దేశము వెళ్లింది.

వెళ్లేవారు ఏ కాగితము మీద వెళ్తున్నారో తెలుసుకొని వెళ్లాలన్నదే నా మాట.

వీసా అనగా ఒక దేశము తన గుమ్మములోనికి రానిచ్చే అనుమతి. అయితే ఆ అనుమతిలో ఎందుకు రానిస్తున్నదో కూడా ఉంటుంది. చూడడానికా, చదువుకోవడానికా, పని చేయడానికా, పని నేర్చుకోవడానికా అనేది అందులోనే తేలిపోతుంది. గల్ఫ్ దేశములలో పని వీసా ఎక్కువ భాగము ఒక్క యజమానితో ముడిపడి ఉంటుంది. ఆ యజమానినే మనవాళ్లు కఫీల్ అంటారు. ఆయన పేరు మీదనే అకామా వస్తుంది, అంటే అక్కడ నివసించే కార్డు. అది రెండేళ్లకో, కొన్ని చోట్ల ఒక ఏటికో తీరిపోతుంది, మరల పొడిగించాలి. పని పోతే ఉండే హక్కు కూడా ఇంచుమించు దానితోనే పోతుంది. తాత్కాలిక వీసా అన్న మాటకు అర్థము ఇదే. పదిహేను సంవత్సరములు అక్కడ పనిచేసిన మనిషి కూడా చట్టము దృష్టిలో రెండేళ్ల అతిథియే.

కువైట్‌లో ఇంటిపనివారి వీసా వేరు, కంపెనీ వీసా వేరు. మన స్త్రీలు ఖద్దామా వీసా అని పిలిచేది 20వ నంబరు వీసా. కంపెనీలు, దుకాణములవారిది 18వ నంబరు. 20 మీద వెళ్లినవారు బయట దుకాణములో పనిచేస్తే పట్టుబడతారు. అక్కడ 2015లో ఇంటిపనివారికి ఒక చట్టము చేశారు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, వారమునకు ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని దానిలో ఉన్నది. మంచి చట్టమే. కాని నాలుగు గోడల మధ్య అది అమలవుతున్నదో లేదో చూసేది ఎవరు? అయినా ఉన్నదని తెలిసిన స్త్రీకి, తెలియని స్త్రీకి తేడా ఉంటుంది. సెలవు రోజు అనగానే కువైట్‌లోని మన సంఘములు జ్ఞాపకము వస్తాయి. అక్కడ తెలుగువారి ఆరాధన శుక్రవారము. సెలవు దొరికిన స్త్రీ అక్కడికి రాగలదు, తన భాషలో ఒకరికి తన బాధ చెప్పుకోగలదు. సెలవు దొరకని స్త్రీ వారమంతా ఎవరికీ కనబడదు. కాబట్టి వారానికి ఒక దినము సెలవు ఉన్నదా అని ఒప్పందములో వెతకండి అని నేను చెప్పేది ఆరాధన కోసము మాత్రమే కాదు.

తెలంగాణ పల్లెలలో ఆజాద్ వీసా అనే మాట వినిపిస్తుంది. ఆజాద్ అంటే స్వేచ్ఛ. పేరు విని మోసపోవద్దు. ఏ ప్రభుత్వమూ ఆ పేరుతో వీసా ఇవ్వదు. ఎవరో ఒక కఫీల్ తన పేరు మీద వీసా తీసి అమ్ముతాడు, అతని దగ్గర పని ఉండదు, మనవాడు బయట దొరికిన పని చేసుకుంటూ అతనికి ఏటా డబ్బు కట్టాలి. పోలీసులు ఆపి చూస్తే కార్డులో ఒక యజమాని, పనిచేసేది వేరొక చోట. అప్పుడు ఆ మనిషి ఖల్లివెల్లి అవుతాడు, అంటే అక్కడివారి భాషలో కాగితము లేనివాడు. 2013లో సౌదీ ప్రభుత్వము తమ దేశస్థులకు ఉద్యోగములు ఇవ్వాలని నితాఖత్ నియమము గట్టిగా అమలు చేసి, కాగితములు సరిచేసుకోవడానికి నవంబరు దాకా గడువు ఇచ్చింది. ఆ గడువులో లక్షకు పైగా మన దేశస్థులు ఇంటికి తిరిగి వచ్చారు. వారిలో ఎందరో ఇటువంటి స్వేచ్ఛ కొనుక్కున్నవారే. 2024లో కువైట్ మార్చి నుండి జూన్ వరకు, యు.ఎ.ఇ. సెప్టెంబరు నుండి డిసెంబరు వరకు ఇలాగే క్షమాభిక్ష ఇచ్చాయి, జరిమానా లేకుండా వెళ్లిపొమ్మని. క్షమాభిక్ష వచ్చేదాకా దాగి బ్రతికినవారి కథలు అడిగి చూడండి. జ్వరము వచ్చినా ఆసుపత్రికి వెళ్లలేరు, ఇంటిలో తండ్రి చనిపోయినా రాలేరు.

ఇక వేపచెట్టు క్రింద అబ్బాయి చెప్పిన మాటకు వస్తాను. వెళ్లిన తరువాత మారుస్తారు అన్నది పూర్తిగా అబద్ధము కాదు. దుబాయి ఉన్న యు.ఎ.ఇ. దేశములో విజిట్ మీద ఉన్న మనిషికి ఒక కంపెనీ పని అనుమతి తీసుకొని, వీసా మార్పించడానికి వీలున్నది. అందుకే ఈ మాట ఇంతగా చెల్లుతున్నది. కాని మార్చవలసినది ఏజెంటు కాదు, కంపెనీ. ఆ కంపెనీ ఏది? పేరు లేదు. ఉన్న కంపెనీ అయితే ఇక్కడే పని అనుమతి తీసి పిలిపించవచ్చు గదా? అక్కడి చట్టము ప్రకారము పని ఇచ్చేవారు జీతము, పని, గంటలు వ్రాసిన ఉద్యోగ పత్రము ఇవ్వాలి, మనిషి దానిమీద సంతకము చేయాలి. నియామకపు ఖర్చు యజమానియే భరించాలి, పనివాని వద్ద తీసుకోకూడదు. అరవై రోజులలో పని దొరకకపోతే ఆ పైన ఉన్న ప్రతి రోజుకు 50 దిర్హములు జరిమానా. అనుమతి లేని మనిషిని పనిలో పెట్టుకున్న యజమానికి 2024 నుండి లక్ష దిర్హములు మొదలుకొని పది లక్షల వరకు జరిమానా పెట్టారు. ఇంత జరిమానా ఉన్నప్పుడు, విజిట్ వీసా మనిషిని పనిలో పెట్టుకునేవాడు ఎటువంటివాడై ఉంటాడో ఆలోచించండి. జీతము ఇవ్వకపోతే ఆ అబ్బాయి ఎవరికి చెప్పుకుంటాడు?

నేను ఒక నోటుపుస్తకములో వారికి లెక్క వేసి చూపించాను. ఏజెంటు చెప్పిన జీతము 1,200 దిర్హములు. మన డబ్బులో ఇరవై అయిదు వేలు దాటుతుంది. అందులో తిండికి 400 తీసివేస్తే చేతిలో మిగిలేది పద్దెనిమిది వేలకు కొంచెము అటు ఇటు. 1,20,000 అప్పుకు నెలకు వడ్డీయే 6,000. ఇంటికి ఒక్క రూపాయి పంపకుండా అప్పే తీర్చినా ఎనిమిది, తొమ్మిది నెలలు పడుతుంది. అదంతా మొదటి రోజునుండి జీతము వస్తే. రెండు నెలలు పని దొరకకపోతే 12,000 వడ్డీ ముందే నెత్తిన కూర్చుంటుంది. తల్లి ఆ లెక్క వంక చూస్తూ, "ఇది మాకు ఎవరూ చెప్పలేదయ్యగారూ" అన్నది. అబ్బాయి మాత్రము నేల వంక చూస్తున్నాడు.

మన ప్రభుత్వము ఏమి చేస్తున్నది అని మీరు అడగవచ్చు. 1983లో చేసిన వలసల చట్టము ఉన్నది. పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టులో ఇ.సి.ఆర్. అని ముద్ర ఉంటుంది. వారు గల్ఫ్ దేశములు, మలేషియా మొదలైన 18 దేశములకు పనికి వెళ్లాలంటే హైదరాబాదులో ఉన్నటువంటి వలసల రక్షణ అధికారి కార్యాలయపు అనుమతి కావాలి. ఒప్పందము, యజమాని, జీతము చూసి ఆ అనుమతి ఇస్తారు. 2014 నుండి ఇది ఇ-మైగ్రేట్ అనే కంప్యూటరు పద్ధతిలో జరుగుతున్నది. దానితోపాటు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 కడితే ప్రమాదములో చనిపోయినా, పూర్తిగా అంగవైకల్యము వచ్చినా 10 లక్షలు. ఒక చీర ఖరీదు కూడా కాదు. విజిట్ వీసా మీద వెళ్లినవారికి ఈ అనుమతీ ఉండదు, ఈ బీమా ఉండదు. ఇక్కడ వారు పనికి వెళ్లినట్టే లేదు.

ఇ.సి.ఆర్. పాస్‌పోర్టు ఉన్న స్త్రీ ఈ దేశములకు ఇంటిపనికి వెళ్లాలంటే ముప్పై ఏళ్లు నిండాలి, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. ఆంధ్రలో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అనేవి అటువంటి సంస్థలు. ఈ నియమము స్త్రీలను కాపాడాలని పెట్టినదే. కాని ఇరవై ఆరేళ్ల తల్లికి అప్పు ఉన్నప్పుడు ఏమి జరుగుతుందో నేను కళ్లారా చూశాను. ముందు తలుపు మూసి ఉన్నది గనుక ఏజెంటు ప్రక్క సందు చూపిస్తాడు. ఆ ప్రక్క సందు పేరే విజిట్ వీసా. నియమము పెట్టినవారు ఈ సంగతి కూడా ఆలోచించవలసి ఉన్నది. నాకు అంతకంటె మంచి ఉపాయము తెలుసునని కాదు.

మన అబ్బాయి సంగతి వేరు. అతడు పదవ తరగతి పాసయ్యాడు, అతని పాస్‌పోర్టులో ఆ ముద్ర లేదు. అతనిని ఆపి ఒప్పందము అడిగే అధికారి దారిలో ఎవరూ లేరు. చదువుకున్న పిల్లవానికి తనిఖీ అక్కరలేదని ప్రభుత్వము అనుకున్నది. నిజమే, చదవగలిగినవాడు చదువుతాడు అనుకుంటే. వీసా అందిన సంతోషములో ఎందరు చదువుతున్నారు?

ఏజెంటు గురించి ఒక్క మాట. లైసెన్సు ఉన్న ఏజెంటుకు ప్రభుత్వము ఇచ్చిన రిజిస్ట్రేషను నంబరు ఉంటుంది. ఇ-మైగ్రేట్‌లో ఆ నంబరు వేసి ఎవరైనా చూసుకోవచ్చు, సంఘములోని యౌవనస్థులు ఫోనులో అయిదు నిమిషములలో చూస్తారు. అతడు పనివాని దగ్గర తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిమీద జి.ఎస్.టి. అంతకు మించి తీసుకోకూడదు, తీసుకున్నదానికి రశీదు ఇవ్వాలి. మన ఊళ్లకు వచ్చేది ఎక్కువగా అతడు కాదు. అతని మనిషికి తెలిసిన మనిషి. టీకొట్టు దగ్గర కూర్చుంటాడు, మనకు వరుసకు బావో బాబాయో అవుతాడు. చట్టములో సబ్ ఏజెంటు అనేవాడు లేనేలేడు. ఇతనికే మనము రశీదు లేకుండా లక్షలు ఇస్తున్నాము, మనవాడే గదా అని. లాబాను కూడా యాకోబుకు మనవాడే, సొంత మేనమామ. ఒప్పందము ఒకటి, చేతికి వచ్చినది ఒకటి. కూలి ఎన్నిసార్లు మారిందో ఆదికాండములో చదువుకోండి.

ఈ మధ్య పిల్లలు ఇంకొక మాట తెస్తున్నారు. జపాన్ ట్రైనింగ్ వీసా. ఇది అబద్ధము కాదు. జపాన్ 1993లో విదేశీ యువతకు పని నేర్పే పథకము పెట్టింది. 2017లో మన దేశము కూడా దానిలో చేరడానికి ఒప్పందము చేసుకున్నది. నేర్పి పంపుతాము అని పేరు. వాస్తవములో అక్కడ వృద్ధులు పెరిగి పనివారు చాలక, పొలములలోను, ఫ్యాక్టరీలలోను, వృద్ధుల ఆశ్రమములలోను ఈ పిల్లలే పనివారయ్యారు. యజమాని ఎటువంటివాడైనా ట్రైనీ అతనిని మార్చుకొనే వీలు ఇంచుమించు లేదు. 2023లో ఒక్క సంవత్సరములోనే తొమ్మిది వేలకు పైగా ట్రైనీలు పనిచేసే చోటునుండి కనబడకుండా వెళ్లిపోయారని ఆ ప్రభుత్వమే లెక్క చెప్పింది. చివరకు 2024లో ఆ పథకము తీసివేసి, వేరొకటి పెట్టడానికి చట్టము చేశారు. 2027 ఏప్రిల్ నుండి అమలు అని నిర్ణయించారు. అందులో కొంత కాలము తరువాత యజమానిని మార్చుకొనే వీలు ఇస్తున్నారు. ఇవి కాక 2019లో మొదలైన నైపుణ్య పనివారి వీసా వేరే ఉన్నది, దానికి జపాను భాష పరీక్ష, పని పరీక్ష పాసు కావాలి. కాబట్టి ఎవరైనా భాష నేర్పకుండా, పరీక్ష లేకుండా నెలలో జపాన్ పంపుతాను అంటే, ఆ మనిషి వేరే ఏదో అమ్ముతున్నాడు. భాష నేర్చుకోవడానికి ఓపిక ఉన్న పిల్లలకు ఇది మంచి మార్గమే అని నా అభిప్రాయము. మా సంఘములో ఒక నర్సు అమ్మాయి ఉదయము అయిదు గంటలకు లేచి ఆ అక్షరములు దిద్దుతున్నది. చూస్తే ముగ్గులు పెట్టినట్టు ఉంటాయి.

కంప్యూటరు ముందు కూర్చుండే పని, డేటా ఎంట్రీ అని చెప్పి కంబోడియా తీసుకొని వెళ్లిన సంగతి కూడా మరువవద్దు. 2024లో విశాఖపట్నము పోలీసులు ఈ కేసులు బయటపెట్టారు. మన యౌవనస్థులను అక్కడ గదులలో ఉంచి, ఫోనుల ద్వారా మన దేశములోని వారినే మోసము చేసే పని చేయించారు. వారిని కూడా తీసుకొని వెళ్లినది టూరిస్టు వీసా మీదనే.

తిరిగి ఆ ఆదివారమునకు వస్తాను. నా ఎదుటనే అబ్బాయి చేత ఏజెంటుకు ఫోను చేయించాను. కంపెనీ పేరు అడిగాడు. "వెళ్లాక చెప్తారు" అన్నాడు. రిజిస్ట్రేషను నంబరు అడిగాడు. "ఎవరు నీ ప్రక్కన ఉన్నది?" అన్నాడు. ఫోను పెట్టేశాడు. మరల చేస్తే ఎత్తలేదు.

సోమవారము సంఘ పెద్దలు ఇద్దరు, నేను, ఆ తల్లి కలిసి వెళ్లాము. పాస్‌పోర్టు అతని దగ్గరనే ఉన్నది. మధ్యాహ్నము దాకా కూర్చున్న మీదట పాస్‌పోర్టు ఇచ్చాడు. 40,000లో 15,000 ఇచ్చి, మిగిలినది టిక్కెట్టుకు, వీసాకు అయిపోయింది అన్నాడు. టిక్కెట్టు చూపించమంటే చూపించలేదు. రశీదు లేదు గనుక మేము గట్టిగా మాట్లాడలేకపోయాము. ఇరవై అయిదు వేలు పోయినట్టే. ఆమెకు అది ఎన్ని రోజుల కూలియో మీరే లెక్క వేసుకోండి. పోలీసు స్టేషనుకు వెళ్దామన్నాను. "వాడు మా ఆడపడుచు వైపువాడు, వద్దయ్యగారూ" అన్నది.

ఇంతటితో మంచి ముగింపు అని వ్రాయగలిగితే బాగుండును. అదే ఏజెంటు ద్వారా, అదే రకము వీసా మీద, ప్రక్క వీధి అబ్బాయి బుధవారము వెళ్లాడు. పది రోజుల తరువాత ఫోను చేసి, గోడౌనులో పని దొరికింది, ఎనిమిది మందిమి ఒక గదిలో ఉన్నాము, ఇంకా వీసా మార్చలేదు గాని మారుస్తామంటున్నారు అని చెప్పాడట. ఆ మాట మా అబ్బాయి చెవిన పడింది. మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు. నావలన తన బ్రతుకు ఆగిపోయింది అని స్నేహితులతో అన్నాడని విన్నాను. అతడు అలా అనడములో తప్పు నాకు కనబడలేదు. ఇరవై రెండేళ్ల వయసులో ఖాళీగా కూర్చోవడము ఎంత బరువో నాకు తెలుసు. ఆ ప్రక్క వీధి అబ్బాయికి ఏమీ కాకూడదని ప్రతి రోజూ ప్రార్థిస్తున్నాను. అతని అరవై రోజులు ఎప్పుడు ముగుస్తాయో గోడ క్యాలెండరులో గుర్తు పెట్టుకున్నాను.

2012లో వెళ్లి వచ్చిన ఆ సహోదరికి ఇప్పుడు ముప్పై దాటాయి. కొన్నేళ్ల క్రిందట ఆమె మరల వెళ్లింది. ఈసారి కువైట్‌కు, ముద్ర, ఒప్పందము, బీమా అన్నీ చూసుకొని వెళ్లింది. వెళ్లేముందు పాస్‌పోర్టు, వీసా, ఒప్పందము నకళ్లు తీయించి ఒకటి తల్లి పెట్టెలో, ఒకటి నా దగ్గర పెట్టింది. యజమాని ఇంటి ఫోను నంబరు, అక్కడి సివిల్ ఐ.డి. నంబరు వెళ్లిన నెలలోనే వ్రాయించి పంపింది. ఇది నేను నేర్పినది కాదు, ఆమె నాకు నేర్పినది. శుక్రవారము ఆరాధన తరువాత అప్పుడప్పుడు ఫోను చేస్తుంది. ఈ అబ్బాయి సంగతి ఆమెకు చెప్పాను. "వాడితో నన్ను మాట్లాడించండి అయ్యగారూ" అన్నది. మాట్లాడించాను. గంటసేపు మాట్లాడుకున్నారు. ఏమి మాట్లాడుకున్నారో నేను అడగలేదు.

నిన్న బుధవారము సాయంకాలము ప్రార్థన కూడికకు ముందు ఆ అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మము దగ్గరే నిలువబడి, ఒక కాగితము అందించాడు. మస్కట్‌లో ఎ.సి. మరమ్మతుల కంపెనీ. కంపెనీ పేరు ఉన్నది. ఏజెంటు నంబరు ఉన్నది, ఫోనులో చూస్తే నిజమైన నంబరే. పని, ఫిట్టరు అని వ్రాసి ఉన్నది. రెండేళ్ల ఒప్పందము. ఇద్దరము అరుగు మీద కూర్చుండి చివరి దాకా చదివాము. నాలుగవ పేజీలో జీతము అని ఉన్నచోట గడి ఖాళీగా ఉన్నది. మా పాస్టరమ్మగారు టీ తెచ్చేలోగా ఆ గడి నాకంటె ముందు అతనికే కనబడింది. ఈ రోజు పది గంటలకు ఆ ఆఫీసుకు ఫోను చేద్దామని చెప్పి వెళ్లాడు.